‘నిద్రమాత్రలే కదండీ?’: ఒక అనుమానం పుట్టుపూర్వోత్తరాలు

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఆ ప్రశ్న చెవిన పడుతుంది. మానసిక వైద్యుడు రాసిన చీటీ అందిస్తూ, గొంతు తగ్గించి, “ఇవి నిద్రమాత్రలే కదండీ? అలవాటు పడిపోరు కదా?” అంటారు. “ఏం కాదులెండి, వాడండి” అని షాపతను కవరు చేతిలో పెడతాడు. పది రోజులు తిరక్కుండానే ఆ కవరు బీరువా మీదకి చేరుతుంది. డాక్టరు బోర్డు మీద ‘మానసిక’ కంటే ముందు ‘నరాలు’ అని రాసి ఉంటేనే మెట్లెక్కేవాళ్లూ ఉన్నారు. దీన్నంతా అమాయకత్వం కింద కొట్టిపారేయొచ్చు. కానీ మందుల చరిత్ర తిరగేస్తే, జనానికి ఈ భయం నేర్పింది ఆ మందులేనని తెలుస్తుంది.

ఒకప్పుడు మనిషికి మతి చెదిరితే కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లు ముందు తాయెత్తు కట్టించేవారు, గుడికో దర్గాకో మొక్కుకునేవారు. అక్కడా కుదరకపోతే వైజాగ్ రైలో, మద్రాసు రైలో ఎక్కించేవారు. అక్కడి ఆసుపత్రుల్లో మాత్రం ఏముంది? బ్రోమైడు, క్లోరల్ హైడ్రేట్, పారాల్డిహైడ్. మూడూ మనిషిని పడుకోబెట్టేవే. జబ్బుకి మందు లేదు, అలజడికి జోల ఉంది. కాబట్టి పిచ్చికిచ్చేది నిద్రమందే అన్న మాట అప్పటికి అక్షరాలా నిజం. ఆ క్లోరల్ హైడ్రేటే తర్వాతి కాలంలో తెలంగాణ కల్తీ కల్లులో తేలడం వేరే కథ.

మన దేశంలో ఒక మొక్క మాత్రం కొత్త దారి చూపింది. సర్పగంధి వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సీబా శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరు చేశారు. కొన్నేళ్లు దేశదేశాల్లో వాడారు. అయితే రక్తపోటుకని దాన్ని వేసుకున్నవాళ్లలో కొందరు తీవ్రమైన దిగులులో (డిప్రెషన్‌లో) పడ్డారని వార్తలొచ్చాయి. ఒక జబ్బుకిచ్చిన మందు ఇంకో జబ్బు తెస్తుందన్న అనుమానం డాక్టర్లకే వచ్చిందన్నమాట.

అసలు మలుపు తిప్పింది క్లోర్‌ప్రోమజైన్. దాన్ని తయారుచేసింది మనసు కోసం కాదు. ఆపరేషన్‌లో రోగి శరీరం షాక్‌కి లోనవకుండా చూడాలని ఫ్రెంచి సర్జన్ ఆన్రీ లాబొరీ దాన్ని వాడి చూశాడు. మందు పడ్డ రోగులు తెలివితోనే ఉన్నారు, కానీ దేన్నీ పట్టించుకోవడం లేదు. అది గమనించాక 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డెలే, డెనికర్ అనే డాక్టర్లు మానసిక రోగుల మీద ప్రయోగించారు. గొలుసులూ తాళాలూ తప్పని వార్డులు నెమ్మదించాయి. లార్గాక్టిల్ పేరుతో అది మన దాకా వచ్చింది. 1958లో పాల్ జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టిన హాలోపెరిడాల్, సెరినేస్‌గా వెనకే వచ్చింది.

ఇంటికి తిరిగొచ్చిన మనిషిలో వీధి చూసింది ఏమిటి? కేకలు ఆగాయి, నిజమే. కానీ చేతులు వణుకుతున్నాయి, నోటి చివర చొంగ, నడుస్తుంటే చేతులు ఊగవు, మొహంలో కదలిక లేదు. ఎండలో తిరిగితే ఒళ్లు కమిలిపోయేది, అదీ బ్లేజ్‌వాడ ఎండలో. బిగుసుకుపోవడం తగ్గాలని పాసిటేన్ కలిపి రాసేవారు. జబ్బు తగ్గిన సంగతి ఇంట్లోవాళ్లకి తెలిసింది. పక్కింటివాళ్లకి కనబడింది మాత్రం కొయ్యబొమ్మలా నడిచే కుర్రాడు. ‘మందు పడితే మొద్దుబారిపోతారు’ అన్న మాట అలా ఊళ్లో నిలిచింది.

రెండో దెబ్బ కాంపోజ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర వల్ల తగిలింది. ఆ కోవకే చెందిన లిబ్రియం 1960లో, వాలియం 1963లో విదేశాల్లో దిగాయి. వాలియంలో ఉండే డయాజిపామ్‌నే ఆ దశాబ్దం చివర్లో రాన్‌బాక్సీ ఇక్కడ కాంపోజ్‌గా అమ్మింది. గుండెదడకీ, నిద్ర పట్టకపోవడానికీ, పెళ్లి పనుల కంగారుకీ అన్నిటికీ అదే. వారాల తరబడి వేసుకుంటే శరీరం అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి మానేస్తే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్. తర్వాత అదే కోవకి చెందిన ఆల్ప్రజోలామ్ ఆ చోటు ఆక్రమించింది. చివరికి 2014 మార్చి నుంచి ఇలాంటి మందులు హెచ్‌1 షెడ్యూలు కిందికి వచ్చాయి. ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయినా చీటీ లేకుండా అడిగేవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

దిగులు మందులది వేరే వంశం. న్యూయార్క్‌లో క్షయ రోగులకిచ్చిన ఇప్రోనయజిడ్‌తో వాళ్లు హుషారెక్కారు. స్విట్జర్లాండులో స్కిజోఫ్రెనియాకని ఇచ్చి చూసిన ఇమిప్రమిన్ ఆ జబ్బుకి పనిచేయలేదు, దిగులుకి పనిచేసింది. రోలండ్ కూన్ 1957లో ఆ సంగతి ప్రకటించాడు. ఇక ఉన్మాదానికి లిథియం వాడవచ్చని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లోనే చెప్పాడు. ఇది ఉప్పు లాంటిది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. రోహిణి కార్తెలో చేతి వణుకు పెరిగినా, వాంతులైనా, తూలినా రక్తపరీక్ష చేయించాల్సిందే.

దిగులుకిచ్చే మరో మందు ఫ్లూఆక్సెటిన్ కథలో మన కృష్ణ ఒడ్డు కూడా ఉంది. అమెరికాలో ప్రొజాక్‌గా 1987 చివర్లో దానికి అనుమతి వచ్చింది. మన 1970 పేటెంటు చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది. అందుకే ఇలాంటి మందుల్ని వేరే పద్ధతిలో చేసి చవగ్గా అమ్మే వీలు ఇక్కడి కంపెనీలకు దొరికింది. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్‌ను అమెరికాలోనే దించింది, 180 రోజుల దాకా మరో కంపెనీ దాని నకలు అమ్మకూడదన్న ప్రత్యేక హక్కుతో. అలాంటి హక్కు పొందిన మొదటి భారతీయ కంపెనీ అదే. దాని వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి పుట్టింది తాడేపల్లిలో, ఒక పసుపు రైతు ఇంట. గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్నారు. బ్యారేజీకి అవతల పుట్టిన మనిషి న్యూయార్కు దుకాణాల్లోకి పంపిన మందు ఇవతల మాత్రం బీరువా ఎక్కుతోంది.

ఇప్పుడు మందు దొరకదన్న మాటకి చట్టం తావివ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి సర్కారు ఆసుపత్రులన్నిట్లో ఉచితంగా ఇవ్వాలి. కౌంటరు దగ్గర చెప్పనిది వేరే ఉంది: దిగులు మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, చాలామంది అంతకు ముందే ఆపేస్తారు. ఆల్ప్రజోలామ్‌లా మాత్ర కోసం తహతహ పుట్టించే గుణం దీనికి లేదు. అయినా డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. అన్నట్టు, ఫ్లూఆక్సెటిన్‌ను సాధారణంగా పొద్దున్నే వేసుకోమంటారు. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు.