నెలసరి, రక్తనాళాలు, ఆట: ఆలస్యంగా మొదలైన పరిశోధన

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనో ప్రాక్టీసు చేసే అమ్మాయిలు పోటీ తేదీలు తెలియగానే ముందు తమ నెలసరి తేదీ లెక్కేసుకుంటారు. రెండూ కలిసేలా ఉంటే టెన్షన్ మొదలవుతుంది. కోచ్‌ను అడగాలంటే మొహమాటం. ఇంట్లో అడిగితే వాయిదా మాత్రలు వేసుకోమంటారు. అసలు ఆ రోజుల్లో ఆట తగ్గుతుందా, తగ్గితే ఎంత అన్న ప్రశ్నకు మాత్రం సూటి జవాబు దొరకదు. ఆ జవాబు వెతకడమే చాలా ఆలస్యంగా మొదలైంది.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు తొలిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగయ్యాక కొందరు అలసటతో నేల మీద వాలితే, కుప్పకూలిపోయారని పత్రికలు గోరంతను కొండంత చేశాయి. మగవాళ్లూ పరుగయ్యాక అలాగే వాలుతారని ఎవరూ గుర్తుచేసుకోలేదు. ఆ పోటీని తీసేసి, మళ్లీ 1960లో రోమ్‌లో గాని పెట్టలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ అయితే 1984 దాకా లేనే లేదు.

ప్రయోగశాలల్లోనూ ఇదే వరస. గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ మాత్ర వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన విషాదం తర్వాత, గర్భం దాల్చే వయసు ఆడవాళ్లను తొలిదశ మందుల ప్రయోగాల్లోకి తీసుకోవద్దని 1977లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది. ఆ భయాన్ని అర్థం చేసుకోవచ్చు. వ్యాయామ పరిశోధనలో చెప్పే కారణం వేరు: ఆడవాళ్ల హార్మోన్లు నెల పొడవునా మారుతుంటాయి, లెక్కలు తేలవు, మగవాళ్లతో చేస్తే సులువు. నన్ను అడిగితే ఇదే పెద్ద అన్యాయం. తేల్చాల్సిన విషయాన్నే సాకుగా చూపి పక్కన పెట్టేశారు. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య ప్రయోగాల్లో ఆడవాళ్లు ఉండి తీరాలని చట్టం వచ్చింది 1993లో.

ఆటలో కండరాలకు రక్తం అందించేది రక్తనాళాలే, అవీ హార్మోన్లకు స్పందిస్తాయి. ఈలోగా రక్తనాళాన్ని కోయకుండా, గుచ్చకుండా చూసే సాధనం సిద్ధమైంది. అదే డాప్లర్, అంటే అల్ట్రాసౌండ్‌తో రక్త ప్రవాహాన్ని చూసే పరీక్ష. మనవాళ్లకు అది కొత్త కాదు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కాళ్లలో వెరికోస్ వెయిన్స్‌కి, కడుపులో బిడ్డకు రక్తం సరిగా అందుతోందా అని చూడటానికి రోజూ తీస్తున్నదే. అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికలను, రక్త ప్రవాహాన్ని పసిగట్టే పని 1950లలో జపాన్‌లో షిగెయో సతోమురా మొదలుపెట్టారు. రక్తనాళం లోపలి పొర తానే సంకేతమిచ్చి నాళాన్ని వదులు చేస్తుందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది, 1998లో నోబెల్ వచ్చింది. 1992లో లండన్‌లో డేవిడ్ సెలెర్‌మేజర్ బృందం ఈ రెండు దారులనూ కలిపింది. చేతికి బీపీ పట్టీ బిగించి కొన్ని నిమిషాలు రక్తాన్ని ఆపి, ఒక్కసారిగా వదులుతారు. ప్రవాహం ఉరవడికి ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల నాళంలో మిల్లీమీటరులో పదో వంతు తేడాలివి. చెయ్యి కాస్త కదిలినా, అంతకుముందు కాఫీ తాగినా లెక్క మారిపోతుంది.

1995లో జపాన్ పరిశోధకులు ఇదే పద్ధతిలో నెలలోని వేర్వేరు దశల్లో కొలిచారు. నెలసరి రోజుల్లో నాళం తక్కువగా వ్యాకోచించింది, తర్వాత ఎస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగాక ఎక్కువగా. ఎస్ట్రోజెన్ నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచుతుంది కాబట్టి ఇది సబబుగానే ఉంది. కానీ తర్వాతి అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదు. పైగా, హార్మోన్ల గొడవ లేకుండా ఉంటుందని చాలాచోట్ల ఆడవాళ్లను నెలసరి తొలి రోజుల్లోనే పరీక్షించడం అలవాటైంది. అలా ప్రయోగాల్లోకి తీసుకున్నా, నెలలో మిగతా రోజుల సంగతి తక్కువే తెలిసింది.

నాళం కొంచెం ఎక్కువ తెరుచుకుందని పరుగు వేగం పెరుగుతుందనీ లేదు. 2020లో 78 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష, నెలసరి తొలి రోజుల్లో ఆట సామర్థ్యం తగ్గినా బహు స్వల్పంగానే తగ్గవచ్చని తేల్చింది. చాలా అధ్యయనాల నాణ్యత అంతంతమాత్రమేనని, మనిషి మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే సలహా కుదరదని కూడా చెప్పింది. అంటే ఆ రోజు పోటీ ఉన్నంత మాత్రాన ఆట పోయినట్టు కాదు. కడుపునొప్పి, నిద్రలేమి, అధిక రక్తస్రావం ఉంటే మాత్రం అది వేరే లెక్క, డాక్టర్‌కు చూపించాల్సిందే.

మన దగ్గర ఇంకో పెద్ద సంగతి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తే తగ్గితే, నాళం తెరుచుకోవడంలో వచ్చే తేడా ఏపాటిది? హిమోగ్లోబిన్ పరీక్ష చేయించకుండా ఏ వారంలో ఎంత ప్రాక్టీసు అని చార్టులు వేయడం నాకు సరైన పనిగా అనిపించదు. వాయిదా మాత్రల విషయంలోనూ డాక్టర్‌ను అడగాలి. నోరెథిస్టిరాన్ లాంటివి రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు, ఇంతకుముందు వచ్చినవాళ్లకు మంచివి కావు.

మన అమ్మాయిల మీదే ఇలాంటి అధ్యయనం చేయాలంటే అల్ట్రాసౌండ్ మెషీన్‌ను తీసుకెళ్లి గ్రౌండ్‌లో పెట్టడం కుదరదు. లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో తెచ్చి, 2003లో కఠినం చేసిన చట్టం కింద ప్రతి మెషీన్‌కూ, అది ఉండే చోటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే చట్టం అది, సడలించమని అడగకూడదు. అమ్మాయిలనే బస్సెక్కించి, రిజిస్టరైన ఆసుపత్రికి నెలలో రెండు మూడుసార్లు తీసుకెళ్లాలి. క్రీడాశాఖ, వైద్య కళాశాల కలిసి కూర్చుంటే ఇది జరగని పనేమీ కాదు.