విమానపు పిన్నుకి లెడ్ ఎందుకు వేయరు?

వైరు చివర పిన్ను (కనెక్టర్‌లోకి దూరే చిన్న లోహపు మొన) తగిలించాలంటే సోల్డరింగే, అంటే వేడి ఐరన్‌తో లెడ్ కరిగించి అతకడమే, గట్టి పని, నొక్కి బిగించడం ఏదో అప్పటికప్పుడు కానిచ్చే పని: ఎలక్ట్రానిక్స్‌ని చేతిపనిగా నేర్చుకున్న చాలామందిలో ఉండే నమ్మకం ఇది. ఇంట్లో పాత రేడియో బాగుచేసుకునేటప్పుడు ఆ నమ్మకంతో వచ్చే నష్టమేమీ లేదు. విమానం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. కాక్‌పిట్‌లో రేడియోల వెనకా, నావిగేషన్ పెట్టెల వెనకా ఉండే పిన్నుల్లో చాలా భాగం లెడ్ (సోల్డర్‌కి వాడుక పేరు; తగరం, సీసం కలిసిన మిశ్రమం) చుక్క తగలకుండా, వేడి చూపించకుండా, పనిముట్టుతో నొక్కి బిగించినవే. నొక్కి బిగించే ఈ పని, అంటే క్రింపింగ్, ఈ స్థానానికి ఎలా వచ్చిందో తెలియాలంటే రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోకి వెళ్లాలి.

1941లో అమెరికాలో అంకస్ విటేకర్ అనే ఇంజినీరు ఏర్‌క్రాఫ్ట్ మెరీన్ ప్రాడక్ట్స్ అనే కంపెనీ పెట్టాడు. తర్వాత అది ఏఎంపీగా ప్రపంచమంతా తెలిసింది. సరుకు ఎవరి కోసమో పేరులోనే ఉంది: విమానాలు, ఓడలు. ఆ కంపెనీ అమ్మింది సోల్డరింగ్ అక్కర్లేని లగ్గులు, అంటే వైరు చివర తొడిగే లోహపు కొనలు. వైరు పెట్టి నొక్కితే పని అయిపోతుంది. యుద్ధకాలపు ఫ్యాక్టరీల్లోకి అంతకుముందు ఐరన్ ముట్టుకోని మనుషులు వేల సంఖ్యలో వచ్చి చేరుతున్నారు. మంచి సోల్డరింగ్ చేయి తిరగాలంటే నెలలు పడుతుంది. నొక్కే పనిముట్టు వాడటం అంతకంటే చాలా త్వరగా వస్తుంది. ఇవాళ మన ఊళ్లలో ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో డబ్బాల్లో పోసి అమ్మే ఎరుపు, నీలం, పసుపు లగ్గులది ఆ వంశమే.

లగ్గు సంగతి తేలినా, బోలెడు పిన్నులుండే కనెక్టర్ మాత్రం ఇంకా చాలాకాలం లెడ్‌నే నమ్ముకుంది. అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి ఖరారు చేసిన గుండ్రటి ఏఎన్ కనెక్టర్లలో పిన్ను వెనక చిన్న గిన్నెలా ఉండేది. వైరు అందులో పెట్టి లెడ్ పోయాలి. నడిమధ్య పిన్నుతో మొదలుపెట్టి వరస వెంట వరస బయటికి రావాలి. అంతా అయ్యాక మధ్యలో ఒకటి తప్పు చోట పడిందని తేలితే, దాన్ని చేరుకోవడానికి చుట్టూ ఉన్నవి కదపాలి, కొన్నిసార్లు ఊడదీయాలి. ఆ పనైనా బల్ల మీద కాకుండా, విమానం పొట్టలో ఒరిగి పడుకుని, ఒక చేత్తో టార్చి పట్టుకుని చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇదంతా మనిషి ఇబ్బంది. వైరుకీ ఇబ్బందులున్నాయి. పోగులు పోగులుగా ఉండే వైరులోకి కరిగిన లెడ్ తనంతట తానే పైకి పాకుతుంది, ఇన్సులేషన్ కిందికి కూడా దూరుతుంది. అది గట్టిపడ్డంత మేరా వైరు వంగదు. లెడ్ ఆగిన చోటు నుంచి మళ్లీ మెత్తగా ఉంటుంది. ఇంజిన్ అదురు మొత్తం ఆ గట్టి మెత్తల హద్దు దగ్గర పనిచేసి, పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. పైన ఇన్సులేషన్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి పైలట్ హెడ్‌సెట్‌లో గరగర మొదలయ్యేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజుల్లో పీవీసీ ఇన్సులేషన్ ఐరన్ వేడికి ముడుచుకుపోవడం ఒకటి, ఫ్లక్స్ (లెడ్ బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) మిగిలిపోయి తుప్పుకి దారివ్వడం మరొకటి. మామూలు లెడ్ 183 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి ఇంజిన్ దగ్గరి వేడి చోట్ల దాన్ని నమ్మడమూ కష్టమే.

1950లు, 60లు వచ్చేసరికి పెట్టెలు చిన్నవవుతూ పిన్నులు పెరుగుతూ వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లోని కానన్ కంపెనీ 1952లో డి-సబ్ కనెక్టర్ తెచ్చింది. పాత కంప్యూటర్ల వెనక ప్రింటర్ తగిలించేవాళ్లమే, అదే కుటుంబం. తర్వాత వచ్చిన గుండ్రటి 38999 రకంలో 25-35 అనే అమరికలో, అరచేతిలో ఇమిడే గుండ్రటి చట్రంలో 128 పిన్నులు పడతాయి. అంత ఇరుకులో మధ్య పిన్ను దగ్గరికి ఐరన్ మొన పోవడం గగనం. దారి ఒక్కటే మిగిలింది: పిన్నుని విడిగా బయట బల్ల మీదే వైరుకి బిగించి, ఆ తర్వాత కనెక్టర్ వెనక నుంచి దూర్చడం. లోపలికి వెళ్లి క్లిక్‌మంటే కూర్చున్నట్టు. తప్పు చోట పెడితే చిన్న ప్లాస్టిక్ పుల్లలాంటి సాధనంతో మళ్లీ బయటికి తీయొచ్చు, పక్కవాటిని ముట్టుకోనక్కర్లేదు. నా దృష్టిలో సోల్డరింగ్‌ని కనెక్టర్ నుంచి సాగనంపింది ఈ సౌకర్యమే. అదురు, వేడి లాంటి కారణాలు ఎప్పటి నుంచో ఉన్నవే కదా.

ఇక పనిముట్టు. అమెరికా సైన్యం 22520 అనే స్పెసిఫికేషన్ కింద దీన్ని కట్టడి చేసింది. అందులో బాగా కనిపించేది ఎం22520/2-01, 20 నుంచి 32 గేజ్ వరకు సన్నని వైర్లకి (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది). పైన ఒక పొజిషనర్ బిగిస్తారు, పిన్ను ఎంత లోతుకి దిగాలో అది చూసుకుంటుంది. పక్కన 1 నుంచి 8 దాకా అంకెలున్న చక్రం, ఎంత గట్టిగా నొక్కాలో దానికి. ముందు పిన్ను తోకన ఉన్న రంగు గీతలు చూడాలి: అవి పిన్ను రకం నంబరు చెబుతాయి, నారింజ, నీలం, తెలుపు ఉంటే 369. రెసిస్టర్ రంగులు తెలిసినవాళ్లకి ఇది కొట్టిన పిండే. వైరు 22 గేజ్ అయితే అందులో 19 సన్నటి పోగులుంటాయి, ఇన్సులేషన్ వలిచేటప్పుడు ఒక్కటీ తెగకూడదు. పోగుల మెలిక చెదరకుండా పిన్నులో పెట్టి హ్యాండిల్ నొక్కితే నాలుగు వైపుల నుంచి నాలుగు మొనలు దిగుతాయి. సగంలో చేయి వదిలేస్తే పనిముట్టు తెరుచుకోదు. లోపలి రాట్చెట్ పూర్తిగా నొక్కితేనే వదులుతుంది. బయటికి తీశాక పిన్ను పక్కనున్న చిన్న రంధ్రంలో రాగి పోగులు కనిపించాలి. కనిపించకపోతే వైరు అడుగుదాకా వెళ్లలేదన్నమాట.

లోపల జరిగేది ఇది: ఒత్తిడికి పోగులు ఒకదాని మీద ఒకటి జారి, వాటి మీదుండే ఆక్సైడ్ పొర చిరిగి, లోపలి శుభ్రమైన లోహం పిన్ను లోహానికి నేరుగా అతుక్కుంటుంది. మధ్యలోకి గాలి దూరదు, కాబట్టి మళ్లీ తుప్పు పట్టదు. తక్కువ నొక్కితే వైరు ఊడి వస్తుంది, ఎక్కువ నొక్కితే పోగులు తెగుతాయి. అందుకే నమూనా ముక్కల్ని లాగి చూస్తారు. 22 గేజ్ వైరుకి సాధారణంగా అడిగేది 12 పౌన్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోల లాగుడు. ఇంకో మాట. పోగులు చెదరకుండా ఉంటాయని ముందే లెడ్ పూసి, ఆ తర్వాత క్రింప్ చేసేవాళ్లున్నారు. 1998లో నాసా తెచ్చిన 8739.4 ప్రమాణం దీన్ని నిషేధించింది. లెడ్ మెత్తని లోహం. ఒత్తిడి కింద నెమ్మదిగా పక్కకి జరుగుతుంది, బిగువు సడలిపోతుంది.

ఈ మార్పులో నైపుణ్యం మనిషి చేతి నుంచి పనిముట్టులోకి వెళ్లింది. దాంతో తప్పు తీరు కూడా మారింది, దీని గురించి అంతగా మాట్లాడుకోరు. సోల్డరింగ్‌లో తప్పులు చెదురుమదురుగా ఉంటాయి. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. క్రింపింగ్‌లో పొజిషనర్ మారిపోయినా, చక్రం ఒక అంకె పక్కకి ఉన్నా, ఆ షిఫ్టులో వేసిన పిన్నులన్నీ ఒకే రకంగా చెడతాయి, చూడ్డానికి మాత్రం అన్నీ ముచ్చటగా ఉంటాయి. పనిముట్టు మీద క్యాలిబ్రేషన్ చీటీ, గో-నోగో గేజ్‌తో (నొక్కుడు కొలత సరిగ్గా ఉందో లేదో చెప్పే సాధనం) తనిఖీ, పని మొదలుపెట్టే ముందు లాగుడు పరీక్ష, ఏ సాధనంతో ఏ పిన్నులు వేశారో రికార్డు: ఇవన్నీ కాగితం పిచ్చి అనుకునేవాళ్లకి చెప్పాల్సిన జవాబు ఇదే.

అయినా వైరింగ్ అంటే ఒకసారి వేసి మర్చిపోయే సరుకు అన్న ధోరణి 1990ల దాకా పోలేదు. 1996 జూలైలో టీడబ్ల్యూఏ 800 విమానం న్యూయార్క్ తీరానికి దగ్గర పేలిపోయి 230 మంది చనిపోయారు. ఇంధన ట్యాంకులో మంటకి కారణం కచ్చితంగా తేలకపోయినా, షార్ట్ సర్క్యూట్ వల్ల ఇంధన కొలత వైర్లలోకి ఎక్కువ కరెంటు రావడమే అన్నిటికంటే అవకాశమున్న కారణమని దర్యాప్తు చెప్పింది. 1998 సెప్టెంబర్‌లో స్విస్ఎయిర్ 111 విమానంలో మంటలు కాక్‌పిట్ పైభాగంలో వైర్ల దగ్గర మొదలయ్యాయి. అందులో 229 మంది పోయారు. ఈ రెండూ క్రింపింగ్ తప్పులు కావు, ఆ నింద దాని మీద వేయకూడదు. కానీ వైర్లు, కనెక్టర్లు, పిన్నులు అన్నీ కలిపి ఒక వ్యవస్థగా చూడాలన్న ఆలోచన వీటి తర్వాతే బలపడింది, 2007లో అమెరికా విమానయాన నిబంధనల్లోకి ఎక్కింది. వాటికి ఇంజిన్‌కీ రెక్కకీ ఉన్నట్టే సొంత నియమాలు వచ్చాయి.

లెడ్ విమానంలోంచి పూర్తిగా పోలేదు. సర్క్యూట్ బోర్డుల్లో ఉంది, షీల్డ్ వైర్లకి వేసే సోల్డర్ స్లీవుల్లో (లోపల లెడ్ ఉండి, వేడికి ముడుచుకునే గొట్టాలు) ఉంది. పిన్ను దగ్గర వచ్చే చిక్కు వేరు. క్రింప్ చేశాక అనుమానమొచ్చి, ఎందుకైనా మంచిదని పైన ఒక చుక్క లెడ్ వేసే అలవాటు, ముఖ్యంగా ఇళ్లలో చిన్న విమానాలు కట్టుకునే అభిరుచి ఉన్నవాళ్లలో, ఇంకా వినిపిస్తుంది. అది క్రింప్‌ని బలపరచదు, వదిలించుకున్న ఆ గట్టి ముక్కని తిరిగి తెస్తుంది. అనుమానం వస్తే వైరు కోసి, కొత్త పిన్ను వేయాలి. కనెక్టర్ వెనక వైరుని బిగుతుగా కట్టేయకుండా, ఒకటి రెండుసార్లు కోసి మళ్లీ పిన్ను వేసుకోవడానికి సరిపడా ఎక్స్‌ట్రా వదిలేది అందుకే.