శాసనాల చుట్టూ అపోహలు

తిరుపతి చుట్టుపక్కల పాత గుళ్లలో శాసనాలకు నకళ్లు తీయడం నా పని. కాగితం, సిరా పట్టుకుని గోడ దగ్గర కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు.

అపోహ: మన శాసనాలన్నీ మెకంజీ దొర ఒక్కడే చదివాడు.

ఊరూరా శాసనాలు పోగుచేయించిన ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ చేసిన మేలు చిన్నది కాదు. 1754లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టాడు, 1783లో మద్రాసు వచ్చాడు, 1790ల చివర్లో అమరావతి స్తూపాన్ని చూసి దాని గురించి రాశాడు. 1815లో దేశానికి తొలి సర్వేయర్ జనరల్ (భూముల కొలతల శాఖకు అధిపతి) అయ్యాడు. కానీ ఆయనకు మన భాషలు రావు. ఆ పనికి నోరూ కళ్లూ ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగువాళ్లు, కావలి ఇంటిపేరున్న సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యలే. బొర్రయ్య ముప్పై నిండకుండానే 1803లో పోయాడు. తర్వాత లక్ష్మయ్య ఆ భారం మోశాడు. మెకంజీ వాళ్లను దాచిపెట్టలేదు, 1816లో హికీ అనే చిత్రకారుడు గీసిన పటంలో ఆయన పక్కన ముగ్గురు భారతీయ సహాయకులు కనిపిస్తారు. 1821లో ఆయన చనిపోయాక, పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే పైవాళ్లు ఒప్పుకోలేదు. అది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

అపోహ: "ఏం సార్, ఈడ నిధి ఉండాదా?"

లేదు. రాతి పైన చెక్కిన సూర్యచంద్రులను నిధికి గుర్తు అనుకుని పగలగొట్టేవాళ్లు ఉన్నారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని దాని అర్థం, అంతే. తిరుమల, తిరుపతి చుట్టుపక్కల గుళ్లలో వెయ్యికి పైగా శాసనాలు దొరికాయి. 1930లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి శాసన పండితులు కూర్చుని చదివి అచ్చువేయించారు. వాటిలో ఎక్కువ తమిళంలోనే ఉన్నాయి. పల్లవ రాణి సామవై ఇచ్చిన వెండి విగ్రహం, దీపాలు, నైవేద్యాలు, భూములు, అన్నీ దానాల లెక్కలే. భక్తుడు డబ్బు కడితే దేవస్థానం ఆ సొమ్ముతో ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో ఆ భక్తుడి పేర నైవేద్యం జరిగేది. రాయలసీమ నీటి చరిత్ర కావాలంటే ఆ గోడలే చదవాలి. ఇంతకంటే పెద్ద నిధి ఏముంటుంది?

అపోహ: సున్నమో నూనో రుద్దితే అక్షరాలు బాగా కనిపిస్తాయి.

రాయి పాడవుతుంది. మేం నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతాం. నలుపు మధ్య అక్షరాలు తెల్లగా తేలతాయి. మీరు ఇదంతా చేయక్కర్లేదు. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి వాలుగా వేసి ఫోన్లో ఫోటో తీయండి. పురావస్తు శాఖకో, యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాళ్లకో చూపించండి. గుడికి మరమ్మతులు మొదలవుతున్నాయని తెలిస్తే మాత్రం, శాసనాలు దెబ్బతినకముందే, ఆ రోజే వాళ్లకు చెప్పండి.