కరువులో బిడ్డ గిన్నె

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో అది ముఖం చాటేస్తే పంట పోయినట్టే. చౌకదుకాణం బియ్యం ఉన్నందువల్ల ఈ కాలంలో కరువొచ్చినా పొయ్యి మీద ఎసరు ఆగదు కాబట్టి పసిబిడ్డకు ఏమీ కాలేదనే అనిపిస్తుంది. కానీ మేత దొరక్క గేదెను అమ్మేసిన ఇంట పాలు పోతాయి, కంది, అలసంద పండని ఇంట పప్పు పోతుంది, తల్లి కూలికి బెంగళూరు వెళ్లిన ఇంట బిడ్డకు దగ్గరుండి నాలుగుసార్లు తినిపించే చెయ్యే ఉండదు.

ఇంట్లో మిగిలిన అవ్వ రాగి జావ కాస్తుంది. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లే. పిండిపదార్థం వేడికి ఉబ్బి నీటిని పీల్చుకోవడంతో జావ గట్టిపడుతుంది, బిడ్డ మింగలేడని అవ్వ ఇంకా నీళ్లు పోస్తుంది, కడుపు నిండినా శక్తి మాత్రం చాలదు. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి తిరగలిలో విసిరితే ఆ పిండిలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. చిక్కటి జావను పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక ఈ పిండి ఒక చెంచా కలిపితే, పొడవాటి పిండి గొలుసులు తెగి, చూస్తుండగానే అది జారుగా మారుతుంది. తరువాత మళ్లీ ఒక పొంగు రానివ్వాలి. అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. రాగుల్లో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తుల భాగం కోసం పెసరపప్పు, శక్తి కోసం కొంచెం నూనె చేర్చాలి.

బోర్లు ఎండి ట్యాంకరు నీళ్లే దిక్కయినప్పుడు విరేచనాలు పట్టుకుంటాయి. ఓఆర్‌ఎస్, 14 రోజుల జింక్ మందు ఎంత అవసరమో, ఆ రోజుల్లో తిండి మానిపించకపోవడమూ అంతే అవసరం. పస్తు పెడితే పేగులు కోలుకోవడం ఆలస్యమై, తరువాతి జబ్బుకు దారి తెరుచుకుంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. ఎత్తులో వెనకబడడానికి నెలలు పడుతుంది కానీ చేయి వారాల్లోనే సన్నబడుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ ఎడమ భుజం, మోచేయి నడుమ టేపు చుట్టినప్పుడు 125 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే జాగ్రత్తపడాలి, 115 కంటే తక్కువుంటే వెంటనే చికిత్స అందాలి. పంట వాడిపోయిన వారంలోనే, తల్లిదండ్రులు వలస బస్సు ఎక్కకముందే, అంగన్‌వాడీలో ఈ కొలత తీయాలని నా గట్టి అభిప్రాయం.

తీవ్ర పోషకాహార లోపానికి ప్రపంచమంతటా వాడే చికిత్సాహారంలో ముఖ్యమైన దినుసు వేరుశనగ ముద్దే. నూనె మిల్లుకు పోయే కాయల్లో కొన్ని ఇంట్లో నిలుపుకుంటే బిడ్డ జావలో రోజూ ఒక చెంచా పొడి పడుతుంది. అయితే పంట చివరి దశలో బెట్ట తగిలిన కాయల్లో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా చేరుతుంది కనుక, ముడుచుకున్నవీ రంగు మారినవీ ఏరి పారేశాకే వేయించాలి.