సీపీయూకి గాలి ఆడుతోందా?

బెజవాడలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకి చేరడం కొత్తేమీ కాదు. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 36 డిగ్రీలు మామూలే. ఆ గదిలో ఒక కంప్యూటర్ టేబుల్, దాని కింద తలుపున్న అర, ఆ అరలో సీపీయూ పెట్టె. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో, గుంటూరు అరండల్‌పేట జిరాక్సు షాపుల్లో, పిల్లలు ఇంజనీరింగ్ చదివే ఇళ్లలో ఇలాంటి ఏర్పాటు కనిపిస్తూనే ఉంటుంది. దుమ్ము పడకూడదని, చూడ్డానికి నీటుగా ఉండాలని అలా పెడతారు. ఎండాకాలంలో ఆ మెషిన్ ఉన్నట్టుండి స్లో అయినా, వీడియో ఎడిటింగ్ మధ్యలో ఆగిపోయినా నా అనుమానం ముందు ప్రాసెసర్ మీదికి పోదు, ఆ చెక్క అర మీదికే పోతుంది.

కంప్యూటర్ లాగే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటపడుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్ గట్టిగా పనిచేస్తూ 300 వాట్లు లాగుతోందంటే 300 వాట్ల వేడి పుడుతున్నట్టే. దాన్ని పెట్టెలోంచి బయటికి మోయాల్సింది గాలి. కానీ గాలి మోయగలిగేది చాలా తక్కువ. లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కేసరికి పట్టుకునేది సుమారు 1.15 జౌళ్లు. లీటరు నీళ్లయితే 4,186 జౌళ్లు పట్టుకుంటాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చల్లదనం కోసం కృష్ణ నీళ్ల మీద ఆధారపడింది ఇందుకే. మన పెట్టెకి గాలే దిక్కు. 300 వాట్ల వేడిని మోస్తూ గాలి 10 డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కకూడదంటే, సెకనుకి 26 లీటర్ల గాలి లోపలికొచ్చి బయటికి పోవాలి. ఫ్యాన్ డబ్బాల మీద రాసే కొలతలో అది 55 సీఎఫ్‌ఎమ్, అంటే నిమిషానికి 55 ఘనపుటడుగులు.

ఇంకో సంగతి. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది అంతే. అందుకే లోపలికొచ్చే గాలి ఎంత వేడిగా ఉంటే ప్రాసెసర్ వేడి అంత పైనుంచి మొదలవుతుంది. ఫుల్ లోడ్ మీద ఒక ప్రాసెసర్ లోపలికొచ్చే గాలి కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుందాం. సంక్రాంతి రోజుల్లో గది 25 డిగ్రీలుంటే అది 75 దగ్గర నిలబడుతుంది. మే నెలలో గది 36 అయితే 86. ఇంతవరకు భయం లేదు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలు, ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువ వాటికి 95. ఆ హద్దు చేరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే మెషిన్ ఆఫ్ అయిపోతుంది.

ఇప్పుడు అదే మెషిన్‌ని టేబుల్ అరలో పెట్టి చూడండి. వెనక చెక్క, ముందు తలుపు. వెనక ఫ్యాన్ వదిలిన వేడి గాలి చెక్కకి కొట్టుకుని, పక్క సందుల్లోంచి ముందుకొస్తుంది. ముందు ఫ్యాన్ దాన్నే మళ్లీ లోపలికి లాగుతుంది. బయటికి పోయిన గాలిలో సగం ఇలా తిరిగొస్తోందనుకుంటే, లోపలికొచ్చే గాలి గది కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడితో వస్తుంది. మూడింట రెండొంతులు తిరిగొస్తే 20 డిగ్రీలు. అంటే గదిలో మనకి 36, సీపీయూకి మాత్రం 46 లేదా 56. సగం తిరిగొచ్చినా చాలు, 86 దగ్గర ఉండాల్సిన ప్రాసెసర్ 96కి చేరుతుంది. ఇలాంటి చోట ఇంకో రెండు ఫ్యాన్లు బిగించినా పెద్దగా ఫలితం ఉండదు, అవీ ఆ వేడి గాలినే తిప్పుతాయి. డబ్బు పెట్టి కొత్త హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే రేకుల దిమ్మ) కొనేముందు అర తలుపు తీసేయండి, వెనక చెక్క ఊడదీయించండి, గోడకీ క్యాబినెట్‌కీ (అంటే సీపీయూ పెట్టెకీ) మధ్య కనీసం జానెడు ఖాళీ వదలండి. వడ్రంగికి అది కాసేపటి పని.

ఇంట్లో ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లకి ఈ విషయం బాగా తెలుసు. ఎదురుగా కిటికీ తెరవకపోతే కూలర్ ఎంత తిరిగినా గది ఉక్కపోస్తూనే ఉంటుంది. క్యాబినెట్‌కీ అంతే. గాలి వచ్చే దారి ఉండాలి, పోయే దారి ఉండాలి, పోయిన గాలి తిరిగి రాకూడదు.

మీ దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే ఒక అగరొత్తి చాలు. మెషిన్ ఆన్‌లో ఉండగా వెనక ఫ్యాన్‌కి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ నేరుగా వెనక్కి సాగిపోతే బాగున్నట్టు. గోడకి తగిలి సుడి తిరిగి, పక్కనుంచి ముందుకి పాకుతుంటే దారి మూసుకుపోయిందన్నమాట. తర్వాత ముందువైపు జాలీ దగ్గర పట్టండి, నుసి లోపల పడకుండా. పొగని లోపలికి లాక్కోవాలి. అలా కాకుండా మీ మొహం మీదికి తోస్తోందంటే ఫ్యాన్ తిరగేసి బిగించారు. మామూలు ఫ్యాన్ ఫ్రేములో అడ్డపుల్లలు ఉండే వైపు నుంచి గాలి బయటికొస్తుంది, కాబట్టి ముందు ఫ్యాన్‌కి ఆ పుల్లలు పెట్టె లోపలికి ఉండాలి, వెనక ఫ్యాన్‌కి బయటికి.

వేడి గాలి పైకే పోతుంది కదా, పైన కన్నాలుంటే చాలదా అని అడిగేవాళ్లుంటారు. పోయే మాట నిజమే, బలమే తక్కువ. 45 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెలో గాలి గది కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే, ఆ తేలికదనం వల్ల పుట్టే ఒత్తిడి సుమారు 0.16 పాస్కల్. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గరిష్ఠంగా 15 పాస్కళ్ల వరకు తోయగలదు. దాదాపు 100 రెట్లు. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే పోతుంది, కిందికైనా సరే.

అయితే ఆ 15 పాస్కళ్లు కూడా పెద్ద బలమేం కాదు. డబ్బా మీద 55 సీఎఫ్‌ఎమ్ అని రాసినా అది ఎదురేమీ లేనప్పటి లెక్క. ముందు అద్దం పలక, దాని వెనక దట్టమైన ఫిల్టర్, ఆ తర్వాత వైర్ల చిక్కు ఉంటే అందులో ఎంతో భాగం రాదు. ఫ్యాన్ వేగం పెంచి దాన్ని రాబట్టుకోవడం ఖరీదైన పద్ధతి. వేగం 20 శాతం పెంచితే గాలీ సుమారు 20 శాతమే పెరుగుతుంది, కరెంటు మాత్రం 70 శాతం పైగా పెరుగుతుంది, చప్పుడు 4 డెసిబెల్స్ దాకా ఎక్కువవుతుంది. అందుకే షాపులో రంగు లైట్ల అద్దం క్యాబినెట్, ముందంతా జాలీ ఉన్న సాదా క్యాబినెట్ పక్కపక్కన ఉంటే నేను జాలీదే తీసుకోమంటాను. మన ఎండలకి అది మేలు.

మొదట్లో ఈ గొడవే లేదు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీకి ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) సామర్థ్యం 63.5 వాట్లు. ప్రాసెసర్‌కి హీట్ సింక్ కూడా లేదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ డిజైన్‌లో, ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్యాన్ బయటి గాలిని లాగి ప్రాసెసర్ మీదికి ఊదాలని మొదట అనుకున్నారు. ఆ గాలి ఎస్‌ఎమ్‌పీఎస్‌లోనే వేడెక్కి వచ్చేది, తర్వాత దిశ మార్చేశారు. పెంటియమ్ 4 ప్రాసెసర్లు మరీ వేడెక్కుతున్న రోజుల్లో, 2004లో ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త డిజైన్ తెచ్చింది. ముందు నుంచి వెనక్కి గాలి సూటిగా పోవాలన్నదే దాని ఉద్దేశం. 2006లో తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్లు రావడంతో దాన్ని వదిలేశారు. డిజైన్ పోయినా ఆ సూటి దారి ఆలోచన మాత్రం ఇప్పటి మంచి క్యాబినెట్లు చాలావాటిలో ఉంది.

పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది. వేడి తగ్గుతుంది, కాదనను. మూత తీస్తే ప్రాసెసర్ 10 డిగ్రీలు తగ్గిందంటే పెట్టెకి గాలి ఆడటం లేదని రుజువైనట్టే. పరీక్షగా అది మంచిదే, శాశ్వతంగా అలా వదిలేయకూడదు. మూత లేకపోతే ముందు ఫ్యాన్ నుంచి హార్డ్ డిస్క్ మీదుగా, మదర్‌బోర్డు మీదుగా సాగాల్సిన గాలి మధ్యలోనే చెదిరిపోతుంది. పైగా దుమ్ము, చీమలు. బల్లి ఒకటి దూరి బోర్డు మీద షార్ట్ అయిందంటే ఏడాది దాచుకుని కొన్న మెషిన్ పోతుంది.

దుమ్ములో ఊరి తేడాలున్నాయి. గుంటూరు వైపు జిన్నింగు మిల్లు ఆఫీసులో హీట్ సింక్ విప్పితే రేకుల మీద పొడి దుమ్ము కాదు, పత్తి నూగు మెత్తటి పొరలా పరుచుకుని ఉంటుంది. రేకుల మధ్య సందు రెండు మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో ఉంటుంది. ఆ పొర పట్టాక ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి దిగదు. మిర్చి యార్డు దగ్గరి దుకాణాల్లో కారం నలుసులు, బెజవాడలో ఇసుక లారీలు తిరిగే రోడ్ల పక్కన సన్నటి ఇసుక. ఇలాంటి చోట్ల లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసే వాటికంటే కొంచెం ఎక్కువ గాలి తెచ్చేలా చూసుకోవాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే కారుతుంది, లోపలికొచ్చేదంతా ఫిల్టర్ గుండానే వస్తుంది. ఫిల్టర్ తీసి కడిగితే సరిపోతుంది. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

సీలింగ్ ఫ్యాన్ వేస్తే కంప్యూటర్ చల్లబడదు. మనకి చెమట ఆరి హాయిగా ఉంటుంది, దానికి చెమట లేదు. ఎయిర్ కూలర్ గాలి మాత్రం నిజంగానే చల్లబడి వస్తుంది కాబట్టి గదిలో కూలర్ ఉంటే మెషిన్‌కీ లాభమే. కాకపోతే నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకండి. తడి గాలికి రేకుల మీది దుమ్ము ముద్దకడుతుంది, తుంపర్లు పడితే బోర్డు తుప్పు పడుతుంది.

చివరగా యూపీఎస్. సీపీయూ పక్కనే, అదే అరలో పెట్టేస్తుంటారు. అందులో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. దాన్ని అరలోంచి తీసి, సీపీయూ వెనక గాలి తగలని వైపు విడిగా నేల మీద పెట్టండి.