దూబగుంట అడిగింది నిషేధమేనా?

మద్యం దుకాణాల మీద రగడ మొదలైన ప్రతిసారీ, సారా వ్యతిరేక ఉద్యమంతో పేరు మోసిన నెల్లూరు జిల్లా పల్లె దూబగుంట పేరు బయటికి వస్తుంది. ఈసారీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత దశలవారీ నిషేధం పేరుతో దుకాణాలను 4,380 నుంచి 2,934కు తగ్గించారు. అమ్మకం మాత్రం ప్రభుత్వమే చేపట్టింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి, 99 రూపాయల క్వార్టర్ సీసా వచ్చింది. ఈ రెండు విధానాల్లో ఏది మేలన్న వాదనలో 1992 నాటి నెల్లూరు మహిళలను సాక్షులుగా పిలుస్తున్నారు. ఇంతకూ వాళ్లు అప్పుడు అడిగిందేమిటి?

అక్షరదీపం అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రిబడులు, వయోజనుల వాచకంలో సారా కొట్టు మూయించిన మహిళల పాఠం, దూబగుంటలో ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ, సారా అమ్మేవాళ్ల మీదికి ఎత్తిన చీపుర్లు, కారప్పొడి... ఈ కథ చాలామందికి తెలిసిందే. పెద్దగా చెప్పుకోనిది సారా పాట సంగతి. ఊళ్లలో సారా అమ్ముకునే హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాడుకున్న కాంట్రాక్టరు చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరుకును కూలి వాడల దాకా చేర్పించేవాడు. ఉమ్మడి రాష్ట్రంలో 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరిందంటే ఆ ప్యాకెట్ల చలవ చాలానే ఉంది. నెల్లూరు మహిళలు మొగుళ్లను తిట్టి ఊరుకోలేదు. సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు, జిల్లా కేంద్రానికి వెళ్లి పాటనే అడ్డుకున్నారు. పాట పలుమార్లు వాయిదా పడింది. తాగునీళ్లు రాని ఊరికి సారా మాత్రం వేళ తప్పకుండా ఎలా వస్తోందన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న తాగుబోతును ఉద్దేశించి వేసింది కాదు, సర్కారును నిలదీసింది.

మలుపు ఇక్కడే వచ్చింది. ‘ఈనాడు’ ఈ ఉద్యమాన్ని నెత్తికెత్తుకుంది, పేజీలకు పేజీలు కేటాయించింది. ఆ ప్రచారమే లేకపోతే ఒక జిల్లా గొడవ రాష్ట్రమంతా పాకేది కాదేమో, ఆ మేలు ఒప్పుకోవాల్సిందే. కానీ అచ్చులోకి ఎక్కే సరికి వేలం పాటను ఆపిన కూలి మనిషి కాస్తా జాతిని కాపాడే తల్లిగా, ఆదిశక్తిగా మారిపోయింది. కాపురాన్ని నిలబెట్టుకునే ఇల్లాలికి చేతులెత్తి మొక్కడం సులువు. తన ఊళ్లో ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో తేల్చే అధికారం కావాలంటున్న మనిషితో అంత సులువు కాదు.

హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీవాద పరిశోధన కేంద్రం అప్పుడే నెల్లూరు పల్లెల్లో తిరిగి, 1993లో ఈ రెండో మనిషి గురించి రాసింది. రాజకీయమంటే ఏమిటో ఈ స్త్రీలు కొత్తగా నిర్వచిస్తున్నారన్నది ఆ పరిశీలన సారాంశం. ఆ తర్వాత స్త్రీవాద పండితులు సూసీ తారు, తేజస్విని నిరంజన కలిసి రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకు వేసింది. గాంధేయులు, వామపక్షాలు, పత్రికలు ఎవరి చట్రంలో వారు ఈ మహిళలను బిగించారని, ఏ చట్రమూ వాళ్లకు సరిపోలేదని వాదించింది. కుల, వర్గాలను పక్కన పెట్టి ‘స్త్రీ’ అని ఒక్క మాటలో చెప్పేస్తే నెల్లూరు అర్థం కాదని వాళ్ల ఉద్దేశం. ముప్పై ఏళ్లు దాటినా అది తీసి పారేయదగ్గ మాట కాదు.

పార్టీలు పత్రిక చూపిన బొమ్మనే తీసుకున్నాయి. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్ సారా తెచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వమే. 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకార వేదిక మీద నిషేధానికి సంతకం పెట్టిందీ ఆయనే. ఆడపడుచుల కన్నీళ్లు తుడిచామని ఆయన పార్టీ చెప్పుకుంది. అంతకు ముందే, 1993 అక్టోబరు 1 నుంచి, కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. మహిళలు కొట్లాడింది దీనికోసమే. 1995 జనవరిలో అమల్లోకి వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని ఖజానా మోయలేదంటూ 1997లో సడలించారు. సారా నిషేధం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పోవాల్సిన అవసరం కూడా రాలేదు, ప్యాకెట్ స్థానంలోకి చౌక సీసా వచ్చింది, కాంట్రాక్టరు మనిషి కూర్చున్న చోట బెల్టు షాపు వెలిసింది.

పాటను అడ్డుకున్న సంఘాలేమయ్యాయి? నెల్లూరు జిల్లాలోనే ‘పొదుపులక్ష్మి’ పథకం వచ్చింది. రోజుకో రూపాయి దాచుకోమంది. ఆ రూపాయి చాలా ఇళ్లను ఆదుకుంది, కాదనలేం. కానీ కలెక్టరును నిలదీసిన గుంపు అదే కార్యాలయానికి లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్లే సంఘమైంది. పేరులోని లక్ష్మిని గమనించండి, పత్రిక చూపిన ఇల్లాలి బొమ్మే మళ్లీ.

ఊరు వద్దంటే దుకాణం ఉండకూడదన్న ఆ పాత కోరిక ఒక చట్టంలో మాత్రం చోటు సంపాదించుకుంది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని పంచాయతీకీ, గ్రామసభకూ ఇవ్వాలంటుంది. అది వర్తించేది గిరిజనుల షెడ్యూల్డు ప్రాంతాలకే. దూబగుంట ఉన్న కలిగిరి మండలం అందులో లేదు.