వాతావరణ భారం మనిషి మీదికి ఎలా వచ్చింది?

గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పేయాలి, దగ్గర్లోకైతే నడిచి వెళ్లాలి, బజారుకు గుడ్డ సంచి పట్టుకెళ్లాలి. బడి పిల్లలకు కూడా కంఠతా వచ్చిన జాగ్రత్తలివి. పొదుపు ఎప్పటినుంచో ఉన్నదే. భూమి వేడెక్కకుండా చూసే బాధ్యతను ఒక్కో మనిషి రోజువారీ అలవాట్లతో ముడిపెట్టడం మాత్రం గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పని. అందులో మంచి ఉంది, కంపెనీలు తప్పించుకున్న తీరూ ఉంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంతె అరీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు ఆ వాయువు పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. శాస్త్రవేత్తలు కొలిచింది గాలిని. ‘నువ్వేం చేస్తున్నావు?’ అని మనిషిని నిలదీయడం వేరే దారిలో వచ్చింది.

ఆ దారి చెత్త దగ్గర మొదలైంది. ఒకప్పుడు అమెరికాలో కూల్‌డ్రింక్ సీసా తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ డబ్బు వెనక్కి వచ్చేది, కంపెనీ సీసాను కడిగి మళ్లీ నింపేది. తాగి పారేసే డబ్బాలు, సీసాలు వచ్చాక రోడ్ల పక్కన చెత్త పేరుకుపోయింది. 1953లో వెర్మాంట్ రాష్ట్రం వాడి పారేసే బీరు సీసాల అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది డబ్బాల, సీసాల కంపెనీలు కలిసి ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అనే సంస్థ పెట్టాయి. 1971లో ఆ సంస్థ వేసిన టీవీ ప్రకటనలో, కారులోంచి ఎవరో విసిరిన చెత్త కాళ్ల దగ్గర పడగానే ఆదివాసీ వేషంలోని నటుడి కంట నీరు కారుతుంది. కాలుష్యం మొదలుపెట్టేది జనమే, ఆపగలిగేదీ జనమేనని ఆ ప్రకటన చెప్పింది. డబ్బాలు తయారుచేసిన వాళ్ల ఊసే అందులో లేదు. సీసాకు డిపాజిట్ తప్పనిసరి చేసే చట్టాలు వస్తుంటే ఆ సంస్థ వెనకున్న కంపెనీలే వాటికి అడ్డుపడ్డాయి. అయినా ఒరెగాన్ రాష్ట్రం 1971లో అలాంటి చట్టం తెచ్చింది.

ఇదే కథ 2000 దశకంలో ఇంకో రూపంలో జరిగింది. మనిషి వాడకానికి ఎంత నేల, ఎంత జలప్రాంతం కావాలో లెక్కగట్టే పద్ధతిని పరిశోధకులు విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ 1990లలో రూపొందించారు. దాని స్ఫూర్తితో వచ్చిన ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ను, అంటే ఒక మనిషి వాడకం వల్ల గాలిలో చేరే కార్బన్ లెక్కను, జనం నోళ్లలో నానేలా చేసింది చమురు కంపెనీ బీపీ. 2004లో అది తన వెబ్‌సైట్‌లో ఒక క్యాలిక్యులేటర్ పెట్టింది. మీ కరెంటు, మీ కారు, మీ ప్రయాణాలు చెప్పండి, మీ వంతు ఎంతో మేం చెబుతామంది. చమురు తవ్వి అమ్మేవాళ్లు కొనేవాళ్లకు లెక్క అప్పగించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదంతా చూసి, సొంతంగా చేసే ప్రయత్నాలన్నీ కంపెనీల ఎత్తుగడేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఈ చరిత్రకు రెండో పాయ కూడా ఉంది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు నెదర్లాండ్స్ ప్రభుత్వం నవంబర్ 4 నుంచి ఆదివారాలు కార్లు తిప్పకూడదంది. ఖాళీ హైవేల మీద పిల్లలు స్కేటింగ్ చేశారు, కుటుంబాలు సైకిళ్ల మీద తిరిగాయి, గుర్రాలెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. అప్పటికే ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల మీద జనం మండిపడుతున్నారు. 1971 ఒక్క ఏడాదే 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో సైకిళ్లకు విడిగా దారులు వేశారు. నేడు అక్కడ మొత్తం ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్ మీదే జరుగుతున్నాయి. అక్కడ సైకిలెక్కడానికి త్యాగబుద్ధి అక్కర్లేదు, దారి ఉంది కాబట్టి ఎక్కుతారు.

జపాన్ 2005 వేసవిలో చేసింది చూడటానికి చిన్న పనే. ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టమంది, కోటు, టై వదిలేయమంది. సూటు వేసుకోకపోతే మర్యాద తక్కువనుకునే ఆఫీసుల్లో ఉద్యోగి ఒక్కడే ధైర్యం చేయలేడు. అందుకే ప్రధాని కొయిజుమీ, మంత్రులు ముందుగా టై తీసేసి కనిపించారు. మొదటి ఏడాది సుమారు 4.6 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని అక్కడి పర్యావరణ శాఖ అంచనా.

భూమిని వేడెక్కించే వాయువుల విడుదలను, అంటే ఉద్గారాలను, ఏ పని ఎంత తగ్గిస్తుందో 2017లో పరిశోధకులు సెత్ వైన్స్, కింబర్లీ నికోలస్ ధనిక దేశాల లెక్కలతో పోల్చి చూశారు. కారు లేకుండా బతికితే ఏడాదికి సుమారు 2.4 టన్నులు, అట్లాంటిక్ మీదుగా ఒక రానుపోను విమాన ప్రయాణం మానుకుంటే 1.6 టన్నులు, మాంసం, పాలు లేని తిండికి మారితే 0.8 టన్నులు తగ్గుతాయి. బల్బులు మార్చడం వల్ల వచ్చేది తిండి మార్చుకుంటే వచ్చేదానిలో ఎనిమిదో వంతే. వాళ్లు తిరగేసిన కెనడా హైస్కూలు పాఠ్యపుస్తకాలు ఎక్కువగా చెప్పింది మాత్రం చిన్న పనుల గురించే. బల్బు మార్చొద్దని దీనర్థం కాదు, బల్బుతో సరిపెట్టుకోవద్దని.

ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2022 నివేదికలో ఈ రెండు పాయలూ కలిశాయి. తిండి, ప్రయాణం, ఇళ్లు లాంటి వాడకం వైపు మార్పులతో 2050 నాటికి ఆయా రంగాల్లో ఉద్గారాలను 40 నుంచి 70 శాతం దాకా తగ్గించవచ్చంది. అందుకు తగ్గ విధానాలు, సదుపాయాలు ఉండాలనీ స్పష్టంగా చెప్పింది. ప్రపంచంలో కుటుంబాల వాడకం వల్ల వెలువడే ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతం, బాగా సంపన్నులైన 10 శాతం కుటుంబాలవేనని కూడా ఆ నివేదికే లెక్క తేల్చింది. తగ్గించుకోవాల్సింది ఎక్కువగా వాళ్లే, తగ్గించుకునే వీలు ఎక్కువ ఉన్నదీ వాళ్లకే.